మరమ్మతు కోసం పుట్టిన గిటారు

లియో ఫెండర్‌కు గిటారు వాయించడం రాదు. అంతకుముందు లెక్కలు రాసే ఉద్యోగం చేసిన ఆయన, కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో 1938లో రేడియో మరమ్మతు దుకాణం పెట్టుకున్నారు. అక్కడికి వచ్చే సంగీతకారుల ఆంప్లిఫయర్లూ, తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌లూ బాగుచేస్తూ, ఏ భాగం ఎందుకు చెడిపోతుందో, దాన్ని విప్పి తిరిగి బిగించడానికి ఎంత అవస్థ పడాలో రోజూ కళ్ళారా చూశారు. ఆ అనుభవంతోనే 1950లో ఎస్క్వైర్, బ్రాడ్‌కాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్లను బజారులోకి తెచ్చారు. దాదాపు అదే పేరును తమ డ్రమ్ములకు ముందునుంచీ వాడుతున్నామని గ్రెచ్ కంపెనీ 1951లో అభ్యంతరం చెప్పడంతో బ్రాడ్‌కాస్టర్ కాస్తా టెలికాస్టర్ అయింది. ఈ రెండు పేర్లకూ మధ్య కొన్ని నెలలపాటు, ముద్రలోంచి పాత పేరు కత్తిరించేసి ఫెండర్ అన్న మాట మాత్రమే అంటించి పంపిన గిటార్లను సేకర్తలు ఇవాళ నోకాస్టర్లు అని పిలుచుకుంటూ, వాటికోసం పోటీలు పడుతున్నారు.

ఈ పుట్టుక కథ ముందే చెప్పడానికి కారణం ఉంది. డెబ్బై ఏళ్ళ నాటి సాలిడ్ బాడీ గిటార్ల, అంటే బోలు లేని గట్టి చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ గిటార్ల, వ్యాపారం ఇవాళ ఒకే కొలమానం మీద నడుస్తోంది: ఎవరూ ఎంత తక్కువ ముట్టుకుంటే దానికి అంత ఎక్కువ ధర. తీగల కింద అడ్డంగా ఉండే లోహపు మెట్లను, అంటే ఫ్రెట్లను, మారిస్తే ధర తగ్గుతుంది. తెగిపోయిన పికప్ తీగను మళ్ళీ చుట్టిస్తే తగ్గుతుంది. లోపలి టంకం ఒకసారి కరిగించి మళ్ళీ పెట్టినట్టు కనిపించినా తగ్గుతుంది. పైరంగు మళ్ళీ వేస్తే ధర సగానికి పడిపోతుందన్నది వ్యాపారులు స్థూలంగా వాడే లెక్క. ఈ కొలమానం తప్పని, అందులోనూ సాలిడ్ బాడీ గిటారు విషయంలో మరీ తప్పని నేను నమ్ముతున్నాను. వాయించుకోవడానికి వీలుగా, నిజాయితీగా చేసిన మరమ్మతును లోపాల జాబితాలోంచి తీసేసి, ఆ వాద్యం జీవితంలో ఒక భాగంగా లెక్కించాలన్నదే నా వాదన.

కాలిఫోర్నియాలో స్థిరపడ్డ మా మిత్రుడొకరు 1953 నాటి టెలికాస్టర్ కొన్నాక ఈ విషయం నాకు మరింత దగ్గరగా తెలిసివచ్చింది. ఆ గిటారు మొదటి మూడు ఫ్రెట్ల మీద, సన్నతీగల కింద, గోరు ఆనిస్తే దిగేటంత గాట్లు పడ్డాయి. అక్కడ ఏ కార్డ్ (కలిపి పలికే స్వరాల గుంపు) పట్టినా తీగ జుయ్యిమంటోంది. ఇంకా పైకి వెళ్ళి తీగను వంచితే స్వరం నిలవకుండా మధ్యలోనే తెగిపోతోంది. అమ్మిన వ్యాపారి మాత్రం, ఇవి ఫ్యాక్టరీలో ఎక్కించిన ఫ్రెట్లు, వీటి జోలికి వెళ్ళకండి, వాయించుకోవాలనిపిస్తే కొత్త గిటారు ఒకటి విడిగా కొనుక్కోండి అని చెప్పారట. "మరి దీన్నేం చేసుకోమంటావోయ్?" అని మిత్రుడు నన్ను అడిగారు. ఆ ప్రశ్నకు నా సమాధానం ఈ గిటారు నిర్మాణంలోనే ఉంది.

టెలికాస్టర్ బాడీ చెక్కుడు పని లేని మామూలు యాష్ చెక్కపలక. అందులో నగిషీ లేదు, వంపు లేదు, లోపల బోలు లేదు. గిబ్సన్ వంటి కంపెనీలు పొడవాటి మెడభాగాన్ని, అంటే నెక్‌ను, జిగురుతో బాడీలోకి అతికించే పద్ధతిలో ఉండగా, ఫెండర్ దాన్ని నాలుగు స్క్రూలతో బిగించారు. నెక్ వంగినా విరిగినా ఆ నాలుగు స్క్రూలు తీసి కొత్త నెక్ పెట్టుకోవచ్చు. స్విచ్చీ, వాల్యూమూ, టోనూ అన్నీ ఒకే లోహపు పట్టీకి అమర్చి ఉంటాయి. రెండు స్క్రూలు విప్పితే ఆ పట్టీ మొత్తం చేతిలోకి వస్తుంది. ఫ్రెట్‌బోర్డుకు వేరే చెక్క కూడా లేదు, మేపుల్ నెక్ మీదే నేరుగా ఫ్రెట్లు ఎక్కించారు. బార్లలోనూ నాట్యశాలల్లోనూ రాత్రంతా వాయించి, గిటారును కారు డిక్కీలో పడేసుకుని మరో ఊరు వెళ్ళే సంగీతకారుడికి, మధ్యలో ఏది పాడైనా ఏ చిన్న దుకాణంలోనైనా బాగుచేయించుకోగల పనిముట్టు ఇవ్వడమే దీని ఉద్దేశం. చేతిపని తెలిసిన మనిషి ఇంకో చేతిపని మనిషి కోసం ఆలోచించిన తీరు ఇందులో అడుగడుగునా కనిపిస్తుంది. నాకు ఈ గిటారు మీద గౌరవం కలగడానికి దాని స్వరం ఎంత కారణమో ఇదీ అంతే కారణం.

నెక్ వంగకుండా లోపల పెట్టే కడ్డీ, అంటే ట్రస్ రాడ్, సంగతి చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. మొట్టమొదటి ఎస్క్వైర్లకు నెక్ లోపల ఉక్కు కడ్డీ లేదు. తీగల బిగువుకు నెక్‌లు వంగిపోయి ఫిర్యాదులతో తిరిగి వచ్చాక, ఫెండర్ నెక్ వెనకవైపు గాడి తీయించి, కడ్డీ పెట్టించి, గాడిని వాల్‌నట్ చెక్కపట్టీతో మూయించారు. మేపుల్ నెక్ వెనక నిలువుగా కనిపించే ఆ ముదురు గోధుమరంగు చారను ఇవాళ అందరూ ఫెండర్ అందానికి గుర్తుగా చూస్తారు. నిజానికి అది ఒక దిద్దుబాటు గుర్తు. పైగా ఆ కడ్డీని సవరించే నట్టు నెక్ అడుగుభాగాన, బాడీకి ఆనుకునే చోట ఉంటుంది. వానాకాలపు తేమకో ఎండాకాలపు పొడికో నెక్ కదిలినప్పుడు దాన్ని సరిచేయాలంటే నెక్ స్క్రూలు వదులు చేయాల్సిందే, చాలాసార్లు నెక్‌ను పూర్తిగా బయటికి తీయాల్సిందే. విశాఖపట్నంలోనో మచిలీపట్నంలోనో ఇలాంటి గిటారు ఉంచుకున్నవారికి ఇది ఏటా తప్పని పని. "ఈ నెక్ ఫ్యాక్టరీ నుంచి వచ్చాక ఎప్పుడూ ఊడలేదు" అని గొప్పగా అమ్మజూపే గిటారును ఇన్ని దశాబ్దాల్లో ఎవరూ సరిగ్గా చూసుకోలేదని అనుమానించాలి.

మా మిత్రుడి గిటారు నెక్ విప్పిన రోజు నేను పక్కనే ఉన్నాను. చెక్క మీద మెరుగు లేని ఆ చోట, పెన్సిల్‌తో రాసిన తేదీ, దాని పక్కన టీ.జీ. అన్న రెండక్షరాలు ఉన్నాయి. అవి టాడియో గోమెజ్ పొడి అక్షరాలు. 1950ల తొలి సంవత్సరాల్లో ఫెండర్ ఫ్యాక్టరీలో నెక్‌లకు రూపం దిద్దిన కార్మికుల్లో ఆయనొకరు. కంట్రోల్ పట్టీ ఎత్తితే, కింద గుంటలో పచ్చబారిన కాగితపు టేపు ముక్క మీద మేరీ అన్న పేరు కనిపించింది. ఆ కాలంలో వైర్లు కలిపి టంకం పెట్టిన స్త్రీలు తమ పేరు అలా టేపు మీద రాసి లోపల అంటించేవారు. మెక్సికన్ మూలాలున్న కుటుంబాల నుంచి వచ్చిన స్త్రీపురుషులు ఎంతోమంది ఆ ఫ్యాక్టరీలో పనిచేశారు. గిటారును విప్పకుండా ఉంటే ఈ పేర్లు ఎవరికీ కనపడవు. విప్పి చూసి బాగుచేసేవారి కోసం, బహుశా తోటి పనివారి కోసం, రాసిన రాత అది. గాజు పెట్టెలో పెట్టి చూసే కొనుగోలుదారు వారి ఊహలో ఉండి ఉండడు. సంతకం చేసిన చేతిని గౌరవించడమంటే, ఆ చేయి చేసిన వస్తువును పనిచేసే స్థితిలో ఉంచడమేనని నేననుకుంటాను.

తెలుగువారికి ఇది అర్థం కావడం కష్టం కాకూడదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగ తొలిచి చేసే వీణకు ఇరవై నాలుగు మెట్లు మైనం మీద నిలబెడతారు. కొన్నేళ్ళకు మైనం వేడికి మెత్తబడి, మెట్లు పక్కకు జరిగి, తీగల రాపిడికి అరిగి శ్రుతి పట్టు తప్పుతుంది. అప్పుడు పాత మైనం గీకేసి, కొత్తగా మేళం కట్టిస్తారు. తాతగారి వీణకు మేళం కట్టిస్తే దాని విలువ పోయిందని ఏ వైణికుడూ అనడు, కట్టించకుండా మూలన పెడితేనే తప్పుపడతారు. గిటారు ఫ్రెట్లు కూడా అవే మెట్లు. అరగడం వాటి స్వభావం, మార్చడం వాద్యం నడవడిలో ఒక భాగం.

ఫ్రెట్లు మార్చడమంటే ఏ చేతికి పడితే ఆ చేతికి అప్పగించడం కాదు. ఆ కాలపు ఫెండర్ నెక్‌లలో ఫ్రెట్లను పక్కనుంచి గాడిలోకి జరుపుతూ ఎక్కించేవారు. ఆ సంగతి తెలియని మరమ్మతుదారు వాటిని పైకి లాగితే, ఫ్రెట్ అడుగున ఉండే ముళ్ళు మేపుల్ చెక్కను పెచ్చులుగా లేపేస్తాయి. వచ్చిన దారినే పక్కకు తట్టి తీయాలి. పైన ఉన్న లాకర్ (వార్నిష్ లాంటి మెరుగు) పొర ఫ్రెట్ అంచు దాకా పాకి ఉంటుంది కాబట్టి, ముందు ఆ అంచును సన్నని కత్తితో విడదీయాలి. కొత్త ఫ్రెట్లు వేసే ముందు బోర్డును చదును చేస్తామని గీకితే, అరవై డెబ్బై ఏళ్ళ చేతిస్పర్శ వల్ల లాకర్ పోయి నల్లబడ్డ మచ్చలు కూడా పోతాయి. అలా గీకించవద్దని నేను గట్టిగా చెబుతాను. వాయించడానికి అవసరమైనంత వరకే ముట్టుకోవాలి, అంతకు మించి అందం కోసమో సుఖం కోసమో ముట్టుకోకూడదు. మరమ్మతుకూ మార్పుకూ మధ్య నేను గీసుకున్న గీత ఇక్కడే ఉంది.

ఇంతకీ "అసలుదనం" అని బజారు దేన్ని పిలుస్తోందో గిబ్సన్ కంపెనీ చేసిన లెస్ పాల్ అనే గిటారు కథ చూస్తే తెలుస్తుంది. 1958 నుంచి 1960 వరకు ఆ కంపెనీ మధ్యలో లేతగా, అంచుల్లో ఎర్రగా ఉండే సన్‌బర్స్ట్ రంగులో చేసిన లెస్ పాల్‌లు 1,500కు అటూ ఇటూ ఉంటాయి. అప్పట్లో అవి సరిగ్గా అమ్ముడుపోకపోవడంతో కంపెనీ ఆ ఆకారాన్నే ఆపేసింది. 1966లో జాన్ మేయల్‌తో కలిసి బ్రిటిష్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ చేసిన రికార్డులో ఆ గిటారు ధ్వని విన్నాక గిటారిస్టులు దాని కోసం వెతకడం మొదలుపెట్టారు, 1968లో కంపెనీ మళ్ళీ తయారీ చేపట్టింది. ఆ సన్‌బర్స్ట్‌లో అంచుల ఎరుపు కోసం వాడిన రంగు ఎండ తగిలితే వెలిసిపోయేది. ఇవాళ కొన్ని తేనె రంగులో, కొన్ని నిమ్మపండు రంగులో, కొన్ని దాదాపు ఎరుపే లేకుండా ఉన్నాయి, వెలిసిన ఒక్కో తీరుకూ ఒక్కో పేరూ ఒక్కో ధరా ఉన్నాయి. అంటే ఫ్యాక్టరీలో వేసిన రంగు మిగలకపోయినా అది అసలుదే. కిటికీలోంచి పడిన ఎండ చేసిన మార్పు విలువ పెంచవచ్చు గాని, వాద్యం తెలిసిన మనిషి ఆలోచించి చేసిన మరమ్మతు మాత్రం విలువ తగ్గించాలట. ఈ నియమానికి నాకు ఇప్పటికీ సరైన సమర్థన దొరకలేదు.

అదే 1959 లెస్ పాల్‌లలో ఒకటి బ్రిటిష్ బ్లూస్ గిటారిస్టు పీటర్ గ్రీన్ చేతిలో ఉండేది. దాని నెక్ పికప్‌లో అయస్కాంతం తిరగబడి ఉండడం వల్ల, రెండు పికప్‌లనూ కలిపి వాయిస్తే ఒకదాని సంకేతంలో కొంత భాగాన్ని రెండోది కొట్టేసి, ముక్కుతో పలికినట్టుండే ఒక సన్నని వేదనా స్వరం వస్తుంది. ఫ్యాక్టరీ నమూనాతో పోల్చి చూస్తే అది లోపమే. గ్రీన్ తర్వాత గ్యారీ మూర్ దగ్గరికీ, చాలా ఏళ్ళకు కర్క్ హామెట్ దగ్గరికీ చేరిన ఆ గిటారును ఎవరైనా "సరిచేస్తే" ప్రపంచం ఒక స్వరాన్ని పోగొట్టుకునేది. రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ తన 1950ల టెలికాస్టర్‌కు ఆరో తీగ తీసేసి, నెక్ దగ్గర హంబకర్ అనే రెండు చుట్ల పికప్ పెట్టించి, తీగలు నొక్కకుండానే జీ కార్డ్ పలికే ఓపెన్ జీ శ్రుతిలో దాన్ని వాయించారు. మన పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ జంట తీగల మాండలిన్‌ను వదిలి, ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకుని, తర్వాత దానికి అయిదో తీగ చేర్చుకున్నారు కాబట్టే కర్ణాటక గమకాలు ఆ వాద్యం మీద నిలిచాయి. ఉన్నది ఉన్నట్టే ఉంచాలన్న నియమం ఆయన మీద రుద్ది ఉంటే మాండలిన్ శ్రీనివాస్ మనకు ఉండేవారు కాదు.

వేలం పాటల లెక్కలు కూడా ఈ విషయంలో ఆలోచించదగినవి. 2019 జూన్‌లో న్యూయార్క్‌లో క్రిస్టీస్ సంస్థ పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ గిటార్లను వేలం వేసింది. వాటిలో 0001 సంఖ్య ఉన్న, ఫెండర్ వారి మరో నమూనా అయిన 1954 స్ట్రాటోకాస్టర్‌కు 18,15,000 డాలర్లు వచ్చాయి. ఆయన దశాబ్దాలపాటు వాయించిన నల్ల స్ట్రాటోకాస్టర్‌కు 39,75,000 డాలర్లు వచ్చాయి. ఆ నల్ల గిటారుకు నెక్‌లు ఒకటి కాదు, ఎన్నో మారాయి. పికప్ మారింది, స్వరాన్ని ఊగించే ట్రెమొలో మీట తీసి వేరేది బిగించి మళ్ళీ తీశారు, సాకెట్ కోసం బాడీకి చేసిన రంధ్రాన్ని తర్వాత పూడ్చారు. క్లాప్టన్ వాయించిన, బ్లాకీ అనే పేరున్న స్ట్రాటోకాస్టర్ అయితే అసలు ఒక్క గిటారే కాదు. 1970లో నాష్‌విల్‌లో కొన్న పాత స్ట్రాటోకాస్టర్లలో కొన్ని మిత్రులకు పంచి, మిగిలిన మూడింటిలోని మంచి భాగాలతో దాన్ని కూర్చారు. అది 2004లో 9,59,500 డాలర్లకు అమ్ముడుపోయింది.

ఆ ధరలు పేరున్నవారి చేతివి, చెక్కవి కావని ఎవరైనా అంటే నేను ఒప్పుకుంటాను. కాని ఆ ఒప్పుకోలు నా వాదనకే బలం. గిటారు విలువ అది గడిపిన జీవితంలో ఉందని, మరమ్మతులు ఆ జీవితానికి సాక్ష్యాలని, ప్రసిద్ధుల విషయంలో మనం అందరం అంగీకరిస్తున్నాం. పేరు తెలియని బార్ బ్యాండ్ గిటారిస్టు ముప్పై ఏళ్ళు వాయించి రెండుసార్లు ఫ్రెట్లు మార్పించిన టెలికాస్టర్‌కు అదే న్యాయం ఎందుకు వర్తించదు? పైగా 1995 నుంచి ఫెండర్ కంపెనీయే కొత్త గిటార్లను చెక్కి, గీసి, రంగు రాల్చి, పాతవాటిలా కనిపించేలా చేసి ఎక్కువ ధరకు అమ్ముతోంది. వాయించిన ఆనవాళ్ళంటే జనానికి ప్రేమ ఉందన్నమాట. ఆ ప్రేమ అరిగిన పెయింటు దగ్గర ఆగిపోయి, మారిన ఫ్రెట్ దాకా రాకపోవడమే నా అభ్యంతరం.

అవతలి పక్షానికి ఒక బలమైన వాదన ఉంది, దాన్ని దాటేయడం సరికాదు. ప్రతి మరమ్మతూ కొంత సాక్ష్యాన్ని చెరిపేస్తుంది. 1950ల్లో ఏ టంకం వాడారో, తీగను ఎలా చుట్టారో, లాకర్ ఎంత పలచగా కొట్టారో తెలియాలంటే ఎవరూ ముట్టని నమూనాలు కొన్ని ఉండాలి. అవి లేకపోతే మంచి మరమ్మతు ఎలా చేయాలో కూడా రాబోయే తరాలకు తెలియదు. అందుకే మంచం కింద పెట్టెలో మరిచిపోయి, దాదాపు వాయించకుండానే మిగిలిన గిటారు దొరికితే దాన్ని అలాగే మ్యూజియానికి చేర్చడం నాకు సమ్మతమే. రెండో సంగతి మోసం. 1965 జనవరిలో లియో ఫెండర్ తన కంపెనీని సీబీఎస్ అనే ప్రసార సంస్థకు 1.3 కోట్ల డాలర్లకు అమ్మేశారు. అంతకు ముందు చేసినవాటికి ఉన్న గిరాకీ వల్ల, ఒక గిటారు బాడీ, మరోదాని నెక్, ఇంకోదాని పికప్‌లు కలిపి, పచ్చబరచిన కొత్త రంగు వేసి, అసలుదని అమ్మేవాళ్ళు పుట్టుకొచ్చారు. వీళ్ళను గుర్తుపట్టడానికే వ్యాపారులు టంకం బిందువుల దాకా పరీక్షిస్తారు. ఆ పరీక్ష అవసరమే. కాని దొంగను పట్టుకోవడానికి పుట్టిన పద్ధతి, దాచకుండా మరమ్మతు చేయించుకున్నవాడికి జరిమానా వేసే పద్ధతిగా మారకూడదు. చెప్పి అమ్మినదానికీ దాచి అమ్మినదానికీ ఒకే ధర కట్టే బజారు, దాచడాన్నే ప్రోత్సహిస్తుంది.

పాత చెక్క గురించిన నమ్మకాన్ని త్వరగానే ముగిస్తాను. ఏళ్ళు గడిచేకొద్దీ చెక్క ఎండి స్వరం తేరుతుందని, అందుకే ముట్టుకోకూడదని కొందరంటారు. సాలిడ్ బాడీ గిటారులో మనకు వినిపించేది ప్రధానంగా ఉక్కు తీగ కదలికను పికప్‌లోని అయస్కాంతమూ తీగచుట్టా విద్యుత్తుగా మార్చిన సంకేతమే. బోలు గిటారు పెట్టె స్పీకరు హోరుకు ప్రతిధ్వనించి కూత పెడుతుందనే గదా గట్టి పలకతో గిటారు చేశారు. ఆ సంకేతాన్ని ఇచ్చే పికప్ చుట్టు వెంట్రుకంత సన్నని రాగి తీగ. తేమకు ఎక్కడో ఒకచోట అది తుప్పు పట్టి తెగితే పికప్ మూగబోతుంది. అలా మూగబోయినదాన్ని మళ్ళీ చుట్టించకుండా అసలుదని దాచుకోవడంలో స్వరానికి ఏ మేలూ లేదు.

మిత్రుడికి ఇదంతా చెప్పాను. ఆయన ఫ్రెట్లు మార్పించారు. పక్కనుంచి తట్టి తీయడం తెలిసిన పెద్దాయన చేత, బోర్డు గీకకుండా, పాత కొలతకు దగ్గరగా ఉన్న సన్న ఫ్రెట్లే వేయించారు. తీసిన ఫ్రెట్లు వరసగా ఒక కవరులో పెట్టి, ఏ పని ఎవరు ఎప్పుడు చేశారో, ఏది ముట్టుకోలేదో రాసిన కాగితంతో పాటు గిటారు పెట్టెలో ఉంచుకున్నారు. అమ్మే రోజు వస్తే ధరలో కొంత కోత పడుతుందని ఆయనకు తెలుసు. ప్రతి పాత గిటారు పెట్టెలోనూ ఇలాంటి కాగితం ఉండాలని, కొనేవారు ముందు దాన్నే అడగాలని, ఆ కాగితం ఉన్న గిటారుకు కోత వేయడం వ్యాపారులు మానుకోవాలని నేను కోరుతున్నాను.

మాకు ఇద్దరికీ ఇంకా పొత్తు కుదరనిది రంగు విషయంలోనే. ఆయన చూసిన మరో టెలికాస్టర్‌కు 1970ల్లో ఎవరో లేత పసుపు లాకర్ గీకేసి నల్ల రంగు కొట్టారు. దాన్ని తీయించి ఫ్యాక్టరీ రంగులోకి తేవాలని ఆయన ఉద్దేశం. నేను వద్దంటున్నాను. ఆ నల్లరంగు వాయించడానికి అడ్డం కాదు, దాన్ని వేయించుకున్నది కూడా ఆ గిటారుతో బతికిన మనిషే. ఇప్పుడు వేసే పసుపు ఎంత నేర్పుగా వేసినా అది మన కాలపు రంగే అవుతుంది, 1950లది కాదు. స్విచ్చి పనిచేయకపోతే మార్చుకోండి, నెక్ కొసన తీగలు ఆనే నట్ అరిగిపోతే మార్చుకోండి, ఫ్రెట్లు సరేసరి. ఆ రంగును మాత్రం అలాగే ఉండనివ్వండి.